జట్కా విద్య – కొత్తగా నేర్చుకునేవారికి నాలుగు మాటలు

(సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు నన్ను ఒక చేతిపని గురించి చెప్పమన్నారు. నేను బళ్ళో ఉర్దూ చెప్పుకునేవాణ్ణి, గుర్రపు బండి సంగతి నీకెందుకు మాస్టారూ అని మీరు అడగవచ్చు. చెప్తాను. తరగతిలో "మీ తాతగారు ఏం చేసేవారు?" అని అడిగితే కొందరు పిల్లలు తల వంచుకుని "ట్రాన్స్‌పోర్టు సార్" అంటారు. ఆ ట్రాన్స్‌పోర్టు ఏమిటో నాకు తెలుసు, మీకూ తెలుసు. అది జట్కా. ఒకపక్క ఇలా సిగ్గుపడుతుంటే, ఇంకోపక్క మన కుర్రవాళ్ళే కొందరు పెళ్ళి ఊరేగింపులకు గుర్రపు బండి పెట్టుకుంటాం, అప్పు ఇప్పించండి అని సంఘానికి వస్తున్నారు. తాత విద్యకు సిగ్గు, బండికి మాత్రం మోజు. ఈ రెంటి మధ్య నలిగిపోయేది నోరులేని జీవం. అందుకని ఈ ప్రసంగం.

జట్కా అనే మాట మన దక్కనీలోదే. 'ఝట్కా' అంటే వేగమైనది అని అర్థం చెప్పి, పాత ఆంగ్లో-ఇండియన్ పదకోశం హాబ్సన్-జాబ్సన్‌లో దీన్ని మద్రాసు రాజధాని ఊళ్ళలో తిరిగే బాడుగ బండిగా చూపించారు. మన మంగళగిరీ, బెజవాడా, గుంటూరూ అన్నీ ఆ మద్రాసు రాజధానిలోవే గదా! రెండు చక్రాలు, పైన వంపు తిరిగిన కప్పు, లోపల పరిచిన గడ్డి, దాని మీద జంపఖానా, ముందు ఒకే ఒక టట్టు. రైలు దిగినవాళ్ళనూ, తిరునాళ్ళకు వచ్చిన యాత్రికులనూ, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులనూ ఇంటి గుమ్మం దాకా దింపింది ఆ బండే. తోలేవారిలో మనవాళ్ళు ఎంతమంది అంటే, జట్కా అనగానే పక్కన 'సాయిబు' అనే మాట దానంతటదే వచ్చి చేరేది. తర్వాత సైకిల్ రిక్షా వచ్చింది, టౌను బస్సు వచ్చింది, ఆటో వచ్చింది. జట్కా స్టాండులు ఖాళీ అయిపోయాయి. అది కాలధర్మం, దానికి ఏడవక్కరలేదు. కాని బండి పోయినంత మాత్రాన దాని వెనకున్న విద్య కూడా పోవాలా?

అది చిన్న విద్యేం కాదు. ఉర్దూలో రెఖ్తీ కవిత్వానికి పేరుపడ్డ సఆదత్ యార్ ఖాన్ రంగీన్, 18వ శతాబ్దం చివర, గుర్రాల మీద 'ఫరస్‌నామా' అనే గ్రంథం రాశాడు. తెలుగులోనూ మనుమంచి భట్టు అనే కవి అశ్వలక్షణాల మీద పద్యాల్లో శాస్త్రం చెప్పాడు. అంతకుముందే, 13వ శతాబ్దం చివర, దక్షిణ సముద్రతీరం చూసిన మార్కోపోలో ఒక సంగతి రాసిపెట్టాడు. తమిళదేశపు రాజులు ఏటా వేలాది గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకునేవారట. సాకడం తెలిసినవాళ్ళు లేక ఏడాది తిరిగేలోగా వాటిలో చాలా చచ్చిపోయేవట. ఏడు వందల ఏళ్ళ కిందటి ఆ మాటలో మనకు పాఠం ఉంది. గుర్రాన్ని డబ్బుతో కొనవచ్చు, సాకడం మాత్రం నేర్చుకోవలసిందే.

ఇక అసలు విషయానికి వద్దాం.

మొదటి మాట: కొత్త గుర్రమూ, కొత్త మనిషీ ఒకే బండికి పనికిరారు. నేర్చుకునేవాడు తర్ఫీదు అయిన పెద్ద గుర్రంతో మొదలుపెట్టాలి. తర్ఫీదు లేని గుర్రాన్ని అనుభవం ఉన్న మనిషి చేతిలో పెట్టాలి. చవగ్గా వచ్చింది గదా అని సంతలో రెండేళ్ళ పిల్లను కొనుక్కొచ్చి, వారం తిరక్కుండా బండికి కట్టడం దానికీ ప్రమాదం, ఎక్కేవాళ్ళకీ ప్రమాదం. వయసు అమ్మేవాడి నోట తెలియదు, గుర్రం నోట తెలుస్తుంది. ముందరి పాలపళ్ళు రెండున్నరేళ్ళకు ఒక జత, మూడున్నరకు ఒక జత, నాలుగున్నరకు ఒక జత రాలి శాశ్వతమైనవి వస్తాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. మూడేళ్ళు దాటాక తేలిక పాఠాలు మొదలుపెట్టవచ్చు. బరువు పని మాత్రం ఎముక ముదిరాకే.

రెండో మాట: గుర్రం ఎందుకు బెదురుతుందో తెలుసుకోవాలి. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది గాని, సరిగ్గా వెనక, నుదుటికి ఎదురుగా కొంచెం మేర కనిపించదు. బండి ఉండేది ఆ కనిపించని చోటే. కనిపించనిది ఏదో గడగడలాడుతూ వెంటపడుతుంటే పారిపొమ్మని దాని రక్తం చెబుతుంది. అది పొగరు కాదు, భయం. భయాన్ని కొరడా తగ్గించదు, పెంచుతుంది. తర్ఫీదు అంటే ఈ భయాన్ని ముక్కలుముక్కలు చేసి ఒక్కొక్క ముక్కే అలవాటు చెయ్యడం. అంతకు మించి రహస్యం లేదు.

ఆ మెట్లు వరసగా చెబుతాను.

ముందు చేతి మచ్చిక. రెండు మూడు వారాలపాటు రోజూ ఖరారాతో ఒళ్ళు తోమడం, నాలుగు కాళ్ళూ ఎత్తి డెక్కలు శుభ్రం చెయ్యడం, పక్కన నడిపించడం. అన్నిటికన్నా ముఖ్యం, కదలకుండా నిలబడడం నేర్పడం. నడిచే గుర్రం ఎక్కడైనా దొరుకుతుంది, నిలబడే గుర్రమే బండికి పనికొస్తుంది.

తర్వాత సామాను. దాన్ని మన పెద్దలు సాజు అనేవారు. అంతా ఒకేసారి మీద పడెయ్యకూడదు. ఒక్కొక్కటే వాసన చూపించి వెయ్యాలి. ఇవాళ వీపు మీద దిండూ, పొట్టకింద పట్టీ. రెండ్రోజులాగి రొమ్ము పట్టీ. తర్వాత తోక కింద పట్టీ. దీని దగ్గర జాగ్రత్త, చాలా గుర్రాలు తన్నేది ఇక్కడే. చివరికి తొడల వెనక పట్టీ. బండిని లాగేది రొమ్ము పట్టీ, ఆపేది ఈ వెనక పట్టీ. పట్టీలు బిగిస్తే పుండు, వదులైతే రాపిడి. ఎక్కడైనా రెండు వేళ్ళు దూరేటంత సందు ఉండాలి. కంటి పక్క మూతలు అన్నీ అలవాటయ్యాకే పెట్టాలి.

మూడోది పొడుగు పగ్గాలు. రెండు పొడుగాటి పగ్గాలు పట్టుకుని మనిషి గుర్రం వెనక, తన్నుకు అందనంత దూరంలో నడుస్తాడు. బండి ఉండదు. కుడికి, ఎడమకి, ఆగు, నడు. 'చల్' అంటే ఎప్పుడూ 'చల్', 'హో' అంటే ఎప్పుడూ 'హో'. తండ్రి ఒక మాటా, కొడుకు ఒక మాటా వాడితే గుర్రం ఎవరి మాటా వినదు. పూటకు పదిహేను ఇరవై నిమిషాలు చాలు. బాగా చేసినప్పుడు ఆపెయ్యాలి, విసిగాక కాదు. బళ్ళో పిల్లలకైనా ఇదే సూత్రం!

నాలుగోది చప్పుడు. ఇంకొకరు తల దగ్గర పట్టుకుని ఉండగా, వెనక ముందు తాడు, తర్వాత పాత టైరు ఈడ్పించాలి. దాన్ని ఎప్పుడంటే అప్పుడు విడిపించేలా కట్టాలి. అయిదోది, రెండు పక్కలా రెండు వెదురు గడలు కట్టి తిప్పడం. నొగల మధ్య తిరిగేటప్పుడు డొక్కలకు కర్ర తగలడం దీనితో అలవాటవుతుంది. ఆ తర్వాతే బండి. అదీ ఖాళీ బండి, చదునైన ఖాళీ జాగాలో, ఇద్దరు మనుషులతో. ఇవన్నీ నిదానంగా జరిగితే ఊరి వీధుల్లోకి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడు రోజుల్లో తయారుచేసి ఇస్తానన్నవాణ్ణి నమ్మకండి.

బండి దగ్గర తప్పనిసరి నియమాలు కొన్ని ఉన్నాయి. పగ్గం చేతికొచ్చాకే మనుషులు ఎక్కాలి. మనుషులు దిగాకే పగ్గం వదలాలి. బండి కట్టి ఉండగా కళ్ళెం ఎప్పుడూ తియ్యకూడదు. బండి విప్పాకే కళ్ళెం. గుర్రాన్ని బండితో సహా స్తంభానికి కట్టేసి టీ తాగడానికి పోకూడదు.

మన పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, జట్కా ఎక్కగానే "కాస్త ముందుకు జరగండి అమ్మగారూ, మీరు వెనక్కి రండి బాబూ" అనేవారు. అది ఊరికే సతాయింపు కాదు. రెండు చక్రాల బండిలో బరువు ముందుకు పడితే నొగలు గుర్రం వీపును నొక్కుతాయి, వెనక్కి పడితే పైకి లేచి పొట్ట పట్టీ కోస్తుంది. తూకం కుదిరితే గుర్రానికి లాగే పనే తప్ప మోసే పని ఉండదు. ఏ బళ్ళోనూ చదవని ఆ పెద్దమనుషులు తులాసూత్రం పాటించారు!

ఇక మేత. ఇక్కడ మన డెల్టాలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. చుట్టూ వరిగడ్డి వాములు కనిపిస్తాయి గనుక గేదెకు వేసినట్టే గుర్రానికీ వేస్తారు. గేదె నెమరు వేస్తుంది, గుర్రం వెయ్యదు. దానికి ఒకటే కడుపు, అదీ చిన్నది. పైగా తిన్నది కక్కలేదు. బూజుపట్టిన గడ్డి పడితే కడుపుశూల వచ్చి గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. మంచి పచ్చగడ్డి, ఎండుగడ్డి కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలి. ఉలవలు నానబెట్టి, చేసే పనికి తగ్గట్టు పెట్టాలి. ఉప్పు, ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు. మేత పెట్టగానే బండి కట్టకూడదు. 250 కిలోల టట్టుకు రోజుకు అయిదారు కిలోల ఎండుమేతకు సమానమైన తిండి కావాలి.

అప్పు తీసుకునే తమ్ముళ్ళు ఈ లెక్క వెయ్యాలి. పెళ్ళిళ్ళు ఏడాదిలో కొన్ని నెలలే. ఆషాఢంలో ఉండవు, మూఢంలో ఉండవు, మనవాళ్ళు ముహర్రంలో నిఖా పెట్టుకోరు. గుర్రానికి మూఢమూ లేదు, ముహర్రమూ లేదు. రోజూ తినాల్సిందే. ఆటో మూలన పెడితే ఊరుకుంటుంది, గుర్రం ఊరుకోదు.

డెక్కల సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి డెక్క చెక్కి లాడాలు మార్చాలి. వానాకాలం మన నల్లమట్టి బురదలో నిలబెడితే డెక్క అడుగు కుళ్ళుతుంది. కొట్టంలో నేల పొడిగా ఉండాలి. ధనుర్వాతం గుర్రాలకు తేలిగ్గా సోకుతుంది గనుక టీకా వేయించాలి. ఈగల వల్ల వచ్చే సర్రా జబ్బు ఉంది. గ్లాండర్స్ అనేది మనుషులకు కూడా అంటుకునేది. ముక్కు నుంచి చీము, ఒంటి మీద గడ్డలు కనిపిస్తే నాటువైద్యం చేస్తూ కూర్చోకుండా పశువైద్యుడికి చెప్పాలి. గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది, మనకు దూరమేం కాదు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1965లో బండి లాగే పశువులకు నియమాలు చేశారు. బండిలో తోలేవాడూ, ఆరేళ్ళలోపు పిల్లలూ కాక నలుగురికి మించి ఎక్కించరాదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టరాదు. ముళ్ళున్న కళ్ళెం నిషేధం. మన రోహిణి కార్తె ఎండలకు ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. దీన్ని మనం పాటించకపోతే ఏమవుతుందో బొంబాయి చెబుతోంది. అక్కడ షికారు విక్టోరియా బళ్ళు చట్టవిరుద్ధమని 2015లో హైకోర్టు తీర్పు చెప్పింది. మైసూరులో మాత్రం టాంగాలు యాత్రికులను తిప్పుతూ ఇంకా నిలబడి ఉన్నాయి.

పెళ్ళి ఊరేగింపుల సంగతి విడిగా చెప్పాలి. డీజే పెట్టెలు, బాణసంచా, చుట్టూ గంతులేసే జనం. అలవాటు లేని గుర్రాన్ని నేరుగా అందులోకి దింపితే, బెదిరిన గుర్రం పెళ్ళికొడుకునూ చూడదు, పసిపిల్లనూ చూడదు. బ్యాండు చప్పుడు ముందు దూరం నుంచి వినిపించి, మేత పెడుతూ, రోజురోజుకూ దగ్గర చెయ్యాలి. తల దగ్గర ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. టపాకాయలు గుర్రం దగ్గర కాల్చకూడదని బాడుగ మాట్లాడేటప్పుడే ఖచ్చితంగా చెప్పాలి. ఒప్పుకోకపోతే ఆ బాడుగ వదులుకోవాలి. నున్నటి తారురోడ్డు మీద ఇనుప లాడం జారుతుంది. హైవే మీదికి అసలు పోకూడదు.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు పట్టినవాడి సంగతీ, పిల్లిని కట్టేసి మాడ్చిన ఆమె సంగతీ హదీసులో మనమంతా చిన్నప్పుడే విన్నాం. విన్నది కొట్టంలో కూడా గుర్తుండాలి. 1934లో కైరోలో డొరొతీ బ్రూక్ అనే ఆంగ్లేయ స్త్రీ, యుద్ధం అయ్యాక అమ్మేసిన ముసలి గుర్రాల కోసం ఆసుపత్రి పెట్టింది. ఎక్కడో పుట్టిన ఆమెకు ఉన్న దయ, ఆ గుర్రాల మీద అన్నం తిన్న మనకు ఉండవద్దా?

చివరగా కార్యవర్గం వారికి మూడు విన్నపాలు. ఒకటి, గుర్రపు బండికి అప్పు అడిగిన కుర్రవాణ్ణి ముందు మూడు నెలలు తెలిసిన పెద్దమనిషి దగ్గర పని నేర్చుకుని రమ్మనండి. నేర్చుకున్నాకే అప్పు. రెండు, అలా నేర్పే పెద్దలకు ఉస్తాద్ అనే గౌరవంతో నెలకు కొంత ఇవ్వండి. జట్కా తోలినవాళ్ళు మన పేటల్లో ఇంకా కొద్దిమందే మిగిలారు. అందరూ వయసు మీదపడ్డవాళ్ళే. వాళ్ళ చేతుల్లో ఉన్నది ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఇంకో పదేళ్ళు ఊరుకుంటే అడుగుదామన్నా మనిషి ఉండడు. మూడు, వాళ్ళు చెప్పింది మన పిల్లల చేతనే రాయించి వచ్చే సంచికలో వేయించండి. రాసే పిల్లల పూచీ నాది.

అప్పుడైనా మా తరగతిలో "మా తాత జట్కా తోలేవారు సార్, గుర్రానికి ఒక్క పుండు కూడా పడనివ్వలేదు" అని తలెత్తి చెప్పే పిల్లవాడు ఉంటాడని ఆశిస్తున్నాను.