నేలలోతున చిక్కిన చేప



గోపాలపూర్ తీరాన వలలు లాగే తెలుగు జాలరులకు చేప అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సహజవాయువు కోసం బావులు తవ్వేవారికి మాత్రం చేప వేరు. నేలలోతున ఇరుక్కుపోయిన గొట్టమైనా, విరిగిపడిన పనిముట్టయినా వారి పరిభాషలో ‘ఫిష్’. దానిని వెలికితీయడం ‘ఫిషింగ్’. పేరు సరదాగా ఉన్నది గాని పని సరదా కాదు.

ఆ బావి పెరటి నుయ్యి వంటిది కాదు. లోతు రెండు మూడు కిలోమీటర్లు, అడుగున వెడల్పు జానెడు, లోపలంతా బురద. కంటికేమీ కానరాదు. అందుచేత మొదట మెత్తని సీసపు దిమ్మను దించి, చిక్కిన వస్తువుపై మోపి, పైకి తీస్తారు. సీసంపై పడిన ముద్రను బట్టి విరిగిన కొస గుండ్రంగా ఉన్నదా, నలిగినదా, గోడకు ఒరిగినదా అని గ్రహిస్తారు. ఆపైన కొసను వెలుపలినుండి పట్టే ‘ఓవర్‌షాట్’, గొట్టంలోనికి దూరి పట్టే ‘స్పియర్’, సమ్మెట దెబ్బవంటి కుదుపునిచ్చే ‘జార్’ – వీటిలో తగినదానిని దించుతారు.

గొట్టం ఏ లోతున ఇరుక్కున్నదో తెలుసుకునే ఉపాయం మరీ ముచ్చటైనది. నిర్ణీత బలంతో లాగితే ఉక్కు సైతం కొద్దిగా సాగుతుంది. ఆ సాగుదలను కొలిస్తే ఎంత పొడవు వదులుగా ఉన్నదో లెక్క తేలుతుంది. బడిలో చెప్పే హుక్ సూత్రమే!

అసలు చిక్కు వేరొకటి ఉన్నది. భూగర్భంలోని వాయువును అణచి ఉంచేది బావిలోని బురద బరువే. ఆ బరువు మితిమీరితే గొట్టాన్ని గోడకు అదిమి అతికిస్తుంది. విడిపించడానికి బురదను పలుచన చేస్తే వాయువు పైకి తన్నుకురావచ్చు.

వాయువు అదుపు తప్పితే ఎంతటి ముప్పో కోనసీమ చూసింది. పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. వారి 19వ బావి తవ్వకం 2,727 మీటర్లకు చేరిన దశలో గొట్టాలు ఇరుక్కున్నాయి. విడిపించే యత్నాలు సాగుతుండగా 1995 జనవరి 8న వాయువు పెల్లుబికి మంటలంటుకున్నాయి. తవ్వకపు సామగ్రి దగ్ధమైంది. చుట్టుపక్కల ప్రజలు ఇళ్లు విడిచిపోవలసి వచ్చింది. విదేశీ నిపుణులు వచ్చి, మార్చి 15న గాని బావిని మూయలేకపోయారు.

ఎంత యత్నించినా రానిదానిని వదలివేయడమూ ఈ విద్యలో భాగమే. వదులుగా ఉన్న పైభాగాన్ని విప్పి తీసి, చిక్కినదానిపై సిమెంటు పోసి, పక్కగా కొత్త దారి తవ్వుతారు. చిక్కినది రేడియోధార్మిక పదార్థం గల పరికరమైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ. మరెవరూ తెలియక అక్కడ తవ్వకుండా, బావి తలపై శాశ్వత ఫలకం కూడా ఉంచాలని అమెరికా నియమాలు విధిస్తున్నాయి.