రీలు శబ్దం ఏం చెబుతోంది?

చేపలు పట్టే బెయిట్‌కాస్టింగ్ రీలు గోల చేస్తే, ముందు ఆ శబ్దం ఎక్కడిదో కనిపెట్టాలి. బొటనవేలి మీట నొక్కి స్పూలును తిప్పి చూడండి; అప్పుడు దానికి గేర్లతో సంబంధం ఉండదు. కీచుమంటే బేరింగులు ఎండిపోయి ఉండవచ్చు. శుభ్రం చేసి, ఒక్కోదానికి ఒక్క చుక్క రీలు నూనె చాలు. ఎక్కువైతే స్పూలు వేగం తగ్గుతుంది.

హ్యాండిల్ తిప్పినప్పుడే గరగరమంటే గేర్లనూ, లైనును సమంగా పరిచే లెవెల్‌వైండ్‌నూ చూడండి. ఇసుక, పాత జిడ్డు తుడిచి, గేర్లకు పల్చగా గ్రీజు, లెవెల్‌వైండ్‌కు నూనె పట్టించండి. విసిరేటప్పుడు వచ్చే సన్నని రొద మాత్రం కొన్ని రీళ్లలో సెంట్రిఫ్యూగల్ బ్రేకుది. అది లోపం కాదు.

సముద్రంలో వాడితే ఆ రోజే డ్రాగ్ బిగించి, మంచినీటితో మెల్లగా కడగండి. జోరు ధారతో కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచండి.