పళ్లెంలో పిండే నిమ్మకాయ

హైదరాబాద్ శివార్లలో మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊళ్ల రూపు ఈ పాతికేళ్లలో చాలా మారింది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చింది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, బిట్స్ పిలానీ క్యాంపస్ వచ్చింది. వాటి వెంట వేరే రాష్ట్రాల నుంచీ దేశాల నుంచీ చదువుకునేవాళ్లు, పరిశోధన చేసేవాళ్లు వచ్చారు. అలాంటి వాళ్లను భోజనానికి పిలిస్తే తిని లేవడంతో ఆగరు, తోటకూర పప్పు ఎలా చేశారో, జొన్నరొట్టె ఎలా తట్టారో చూపించమంటారు. మనం పోపు గురించి, కారం గురించి చెబుతాం. రుచి వరకూ అది చాలు. కానీ ఆ పాఠంలో అంతకంటే విలువైనది ఒకటి మిగిలిపోతోంది. ఏది ఎప్పుడు వెయ్యాలి, దేనితో కలిపి తినాలి, దేన్ని దూరంగా పెట్టాలి అన్నదే అది. ఇది అతిథికి ఎంత అవసరమో, నేర్పే ఇంటికి అంతకన్నా ఎక్కువ అవసరం.

ఎందుకంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి ఇనుము లోపం ఒక్కటే కారణం కాదు, కానీ పెద్ద కారణం. విచిత్రమేమిటంటే, ఇనుము మన వంటల్లో లేకపోలేదు. జొన్నల్లో ఉంది, పప్పుల్లో ఉంది, ఆకుకూరల్లో ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు, పురుషుడికి 19 మిల్లీగ్రాములు కావాలి. స్త్రీకి ఎక్కువ చెప్పింది నెలసరిలో పోయే రక్తం వల్ల. ఇద్దరికీ అంత పెద్ద అంకె ఎందుకంటే, మన భోజనంలోని ఇనుములో పదో వంతు కూడా ఒంటికి పట్టదు గనక.

ఆ మిగతాదాన్ని పట్టి ఉంచేవాటిలో ముఖ్యమైనది ఫైటేటు. గింజల్లో, పప్పుల్లో సహజంగా ఉంటుంది. పేగులో ఇనుమును అంటిపెట్టుకుని ఒంట్లోకి పోనివ్వదు. దీనికి మన పాత వంటింటి దగ్గర జవాబు ఉంది. పిండిని పులియబెడితే ఫైటేటు కొంత విరిగిపోతుంది, పులిసిన అంబలి గొప్పతనం అదే. గింజల్ని మొలకెత్తించినా అంతే. రెండో జవాబు విటమిన్ సి. అది ఇనుమును పేగు తేలిగ్గా తీసుకునే రూపంలోకి మార్చి, ఫైటేటు చేతికి చిక్కకుండా కాపాడుతుంది. అయితే విటమిన్ సి నీళ్లలో కరిగిపోతుంది, వేడికి చెడిపోతుంది. కాబట్టి ఆకుకూరను ముందు కడిగి తర్వాత తరగాలి. నిమ్మరసాన్ని ఉడుకుతున్న పప్పులో కాక, పళ్లెంలో వడ్డించాక పిండాలి. చింతపండు ఆ పని చేయదా అంటే, పులుపు పులుపే గానీ విటమిన్ సి అందులో చాలా తక్కువ. పచ్చిపులుసు ఉంది కదా అని నిమ్మకాయను మానెయ్యకూడదు. దొరికితే జామకాయ ఇంకా మేలు, బరువుకు బరువు చూస్తే నిమ్మరసం కన్నా నాలుగు రెట్లకు పైగా విటమిన్ సి ఉంటుంది.

మాంసం తినే రాష్ట్రంలో ఇదంతా ఎందుకు అనవచ్చు. మాంసంలోని ఇనుము సులువుగా పడుతుంది, పక్కనున్న ఆకుకూర ఇనుమును కూడా తోడు తీసుకుపోతుంది, నిజమే. కానీ ఆదివారం తిన్న మాంసం మిగతా ఆరు రోజుల రొట్టెకు, పప్పుకు తోడు రాదు. ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది. ఒక్కపూట భోజనం మీద చేసిన పరీక్షల్లో విటమిన్ సి ప్రభావం పెద్దగా కనిపిస్తుంది, రకరకాల భోజనాలు తినేవాళ్లను కొన్ని రోజులపాటు చూస్తే అంతగా కనిపించదు. దీన్ని దాచాల్సిన పని లేదు. రక్తం బాగా తగ్గినవాళ్లకు నిమ్మకాయ మందు కాదు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవాల్సిందే. కానీ ఒక పూట తోటకూర తిన్నామంటే అందులోది వీలైనంత ఒంటికి పట్టాలి కదా. అందుకయ్యే ఖర్చు అర నిమ్మచెక్క.

ఇక టీ సంగతి. అతిథి చెయ్యి కడుక్కోగానే టీ పెట్టడం మర్యాద అనుకుంటాం. టీలోని టానిన్లు భోజనంలోని ఇనుమును, ముఖ్యంగా శాకాహారంలోనిదాన్ని, బాగా అడ్డుకుంటాయి. భోజనానికి ముందూ తర్వాతా కనీసం గంటసేపు టీ, కాఫీ వద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అతిథి చేతిలో అప్పటికి జామముక్కలు పెట్టి, టీ సాయంత్రానికి ఉంచితే మర్యాదకు లోటేమీ రాదు.

వీటన్నిటికన్నా నాకు బాధ కలిగించేది వేరొకటి. ఇంతమందికి వండి, నేర్పి, వడ్డించిన ఇల్లాలు చాలా ఇళ్లలో అందరూ లేచాక కూర్చుంటుంది. పప్పు మళ్లీ వేడి చేస్తుంది, ఆకుకూరలో ఉన్న కాస్త విటమిన్ సి కూడా అప్పుడు తగ్గిపోతుంది. కోసిన నిమ్మచెక్కలు అయిపోయి ఉంటాయి. గిన్నె అడుగున ఉన్నది తిని, ఆ వెంటనే అలసట తీరుతుందని టీ తాగుతుంది. రక్తం తక్కువగా ఉండే అవకాశం ఎక్కువున్నది ఆమెకే, వండినదాంట్లో ఇనుము అందరికన్నా తక్కువ పట్టేదీ ఆమెకే. అందుచేత వంట నేర్చుకోవడానికి వచ్చినవారికి మొదటి పాఠంగా ఆమెకూ ఒక పళ్లెం వెయ్యమనండి, అందరితో పాటే, వేడిగా ఉండగానే, పక్కన ఒక నిమ్మచెక్క పెట్టి.