తోటలో నొక సాలు
(ఉప్పళమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



కాయగూరల తోటను గూర్చి మాటాడుటకు ఉప్పళము తగిన చోటు కాదని కొందరికి తోచవచ్చును. తమిళమున ఉప్పళమనగా ఉప్పు పండించు నేల. అయినను మంచి మన్ను, పశువుల యెరువు వేసి మడి కట్టినచో, పాలకూర, బీటుదుంప వంటివి కొంత ఉప్పును ఓర్చి పెరుగును. నలుగురు కూడి తోట వేయుటకు నేల అడ్డము కాదు. పండినదానిలో మన అక్కరకు మించినది ఏమగుననునదే ప్రశ్న.

ఉమ్మడి తోటలో నొక చిక్కు కలదు. అందరును ఒకే వారమున విత్తుదురు. అందరి బెండలును ఒకేసారి కాయును. మొదట ఇరుగుపొరుగువారు సంతోషముతో పుచ్చుకొందురు. మూడవ వారమున మొగము చాటు చేయుదురు. అప్పుడు ముదిరిన బెండకాయలు, వాడిన తోటకూర గంపకెత్తి పేదలకు పంపి, దానము చేసితిమని తృప్తి పడుదుము. మనము తినని దానిని పరుల విస్తరిలో వడ్డించుట దానమగునా?

గోదావరి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికిని వండి వడ్డించిరి. మనకు చేరువనున్న వడలూరులో రామలింగస్వామి 1867 మే 23వ తేదీన ధర్మశాలలో వెలిగించిన పొయ్యి నేటికిని ఆరలేదు. వచ్చువాని ఆకలిని ముందుగానే లెక్కలోనికి తీసికొనిన ఇండ్లవి. మిగిలిన మెతుకుల కొరకు ఎదురుచూచినవి కావు.

తోటకు ఈ ధర్మమెట్లు అన్వయించును? 1995లో అలాస్కాలోని యాంకరేజి నగరమున, పత్రికలో తోటపనిని గూర్చి వ్రాయు జెఫ్ లోవెన్‌ఫెల్స్ తన పాఠకులనొక కోరిక కోరెను: ప్రతివారును పేదలకై ఒక సాలు అదనముగా విత్తవలెనని. ఆ పైరు నగరములోని పేదల భోజనశాలకు చేరెను. ఆ పద్ధతి పిదప అమెరికా యందంతటను వ్యాపించినది. ఇందలి విశేషము విత్తునాడే దానము నిశ్చయమగుట.

మనమును అట్లే చేయవచ్చును. ప్రతి మడిలో నొక సాలు వేరుగా గుర్తింపుడు. అన్ని విత్తనములును ఒకనాడే చల్లక, పదునైదు దినముల కొకసారి విత్తుడు. ఆకుకూరను తెల్లవారుజామున కోసి, తడిబట్ట కప్పి, పొయ్యి వెలిగింపక మునుపే అన్నశాలకు చేర్పుడు. దూరము పంపవలసినచో గుమ్మడి, కంద, చేమ మేలు; అవి నిలువయుండును. అన్నిటికంటె ముందు, వండువారికి ఏది కావలెనో అడిగి విత్తుడు. అడుగకుండ పంపిన గంప వారికి బరువగును.

ఆ సాలులోని మొదటి కాపు, లేత కాపు, వారిదే కావలెను. పుచ్చుకొనువాడు అప్పుడు తన వంతు తాను పొందినట్లు తలయెత్తి పుచ్చుకొనును. రానున్న విత్తుకాలమునకు మన తోటలలో అట్టి సాలొకటి నిలుచుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.