పొద్దున్నుంచి సాయంత్రం దాకా

ఈ ఎండల్లో నల్ల గౌన్లు వేసుకుని ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నా అభినందనలు.

నేను 31 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చెప్పాను. చివరి 12 ఏళ్లు ప్లేస్‌మెంట్ సెల్ బాధ్యత కూడా చూశాను. ఆ గదిలోకి వచ్చిన పిల్లలు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఒకటే: "సార్, ఏ ఫీల్డ్‌కి స్కోప్ ఉంది?" అది తప్పు ప్రశ్న అనను. ఇంటి మీద అప్పు ఉండి, వెనక చెల్లెలి చదువు ఉంటే, అది అడిగి తీరాల్సిన ప్రశ్నే. కానీ నేను వినాలని ఎదురుచూసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "సార్, ఆ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు?" దీన్ని అడిగినవాళ్లు చాలా తక్కువ. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ఒక అమ్మాయి గుర్తొస్తోంది. బీకామ్ చదివింది. లెక్కలంటే ప్రాణం. బ్యాంకు పరీక్ష రాసింది, ఉద్యోగం వచ్చింది, కాలేజీ అంతా స్వీట్లు పంచింది. ఏడాదిన్నర తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. కౌంటర్లో రోజంతా మనుషులతో మాట్లాడాలి, వచ్చినవాళ్లకు ఇన్సూరెన్స్ పాలసీలు అంటగట్టాలి. ఆ అమ్మాయికి ఇష్టమైన పని వేరు. పద్దుల్లో తేడా వస్తే, ఆ రూపాయి ఎక్కడ జారిపోయిందో దొరికేదాకా ఒంటరిగా కూర్చుని వెతకడం ఆమెకు ఇష్టం. ఆ ఉద్యోగం చెడ్డది కాదు, అమ్మాయి చేతకానిది కాదు. ఉద్యోగం పేరు చూసి చేరింది, అందులో రోజు ఎలా గడుస్తుందో చూడలేదు. చూపించాల్సినవాణ్ణి నేను, చూపించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తర్వాత ఆమె అదే సంస్థలో ఆడిట్ వైపు మారింది. ఫోన్లో ఆమె గొంతు విన్నప్పుడే నాకు తేడా తెలిసింది.

మనిషికీ పనికీ కుదిరే ఈ పొత్తు గురించి ఆలోచించినవాడు ఒకడున్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జాన్ హాలండ్ అనే అమెరికన్ యువకుడికి సైన్యంలో కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని పడింది. వాళ్లు అంతవరకూ ఏయే పనులు చేశారో రాసుకోవాలి. రాయగా రాయగా అతనికి ఒక సంగతి తట్టింది. మనుషులు లెక్కలేనంతమంది ఉన్నా వాళ్ల పనుల చరిత్రలు మాత్రం కొద్ది రకాల్లోనే ఇమిడిపోతున్నాయి. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త అయి, 1959లో దాన్ని సిద్ధాంతంగా ప్రకటించాడు. యంత్రంతోనో మట్టితోనో చేతులారా పని చేస్తే తృప్తిపడేవాళ్లు కొందరు. ఎందుకిలా జరిగిందని తవ్వుకుంటూ పోయేవాళ్లు కొందరు. ఏదో ఒకటి కొత్తగా రూపుకట్టిస్తేగాని నిద్రపట్టనివాళ్లు, ఎదుటి మనిషికి నేర్పడంలో, సాయపడటంలో ఆనందం పొందేవాళ్లు, నలుగురినీ ఒప్పించి ముందుకు నడిపేవాళ్లు, చిందరవందరగా ఉన్నదాన్ని ఒక వరసలో పెట్టేవాళ్లు. మొత్తం ఆరు రకాలు. మనలో ఒక్కొక్కరిలో రెండో మూడో కలిసి ఉంటాయంటాడు హాలండ్.

ఇవన్నీ క్రియలు కావడం నాకు ఎంతో నచ్చింది. విప్పడం, వెతకడం, గీయడం, నేర్పడం, ఒప్పించడం, సర్దడం. మన ఇళ్లలో పిల్లలకు మనం ఇచ్చేవన్నీ నామవాచకాలే: ఇంజనీరు, డాక్టరు, కలెక్టరు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోపే ఎంపీసీయా బైపీసీయా తేల్చేస్తాం. డాక్టరు అనే ఒక్క మాటలో ఎన్ని రోజులు దాగున్నాయో చూడండి. ఒకరు ఆపరేషన్ థియేటర్లో గంటలకొద్దీ నిలబడతారు. ఇంకొకరు రోజంతా మైక్రోస్కోపులో కణజాలం చూస్తారు. మరొకరు ఊరూరా తిరిగి నీళ్లలో ఏముందో, పిల్లలకు టీకాలు అందాయో లేదో కనుక్కుంటారు. ముగ్గురి పేర్ల ముందూ ఉండేది ఒకటే అక్షరం. ముగ్గురి సాయంత్రాలకూ పోలికే లేదు.

రకాలు అన్నాను గనక ఒక హెచ్చరిక. ఫోన్లో పది ప్రశ్నలకు జవాబులిస్తే మీ వ్యక్తిత్వం ఫలానా అని నాలుగు అక్షరాలు చూపించే పరీక్షలు మీలో చాలామంది రాసే ఉంటారు. అలాంటి వాటిని నాలుగు వారాలు ఆగి మళ్లీ రాస్తే వేరే అక్షరాలు వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. వాటిని చూసి జీవితం నిర్ణయించుకోకండి. ముఖ్యంగా తక్కువ మాట్లాడే పిల్లలతో చెబుతున్నాను. "నీకు కమ్యూనికేషన్ లేదు, పైకి రావు" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కలుపుగోలుతనం అమ్మకాల్లో, మేనేజర్ పనుల్లో ఉపయోగపడుతుందని పరిశోధనలు చూపించాయి, నిజమే. అయితే 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకూ వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పరిశీలించిన ఉద్యోగాలన్నింటిలోనూ పనికొచ్చిన గుణం వేరేదని తేలింది. ఒప్పుకున్న పనిని, ఒప్పుకున్న వేళకు, ఎవరూ చూడకపోయినా శ్రద్ధగా పూర్తిచేయడం. వెనక బెంచీలో కూర్చుని మూడేళ్లూ రికార్డు ఒక్క రోజు ఆలస్యం చేయని పిల్లలకు ఈ మాట ఎవరైనా చెప్పారో లేదో. నేను చెబుతున్నాను.

స్టాటిస్టిక్స్ మాస్టారిగా మీకు ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆసక్తికి తగిన ఉద్యోగం దొరికితే ఇక జీవితమంతా సంతోషమే అనే మాట నేను చెప్పను. ఆ రెంటికీ సంబంధం ఉంది గానీ మనం ఊహించుకునేంత గట్టిది కాదు. పైఅధికారి, జీతం, ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరం కూడా మనిషిని కుంగదీస్తాయి, నిలబెడతాయి. ఆసక్తి ఎక్కువగా ఉపయోగపడేది ఆ పనిలో నిలదొక్కుకోవడానికి, ఎదగడానికి. పైగా ఆసక్తి అనేది ఎక్కడో దాచిపెట్టి ఉండి, వెతికితే పూర్తిగా దొరికే వస్తువు కాదు. కొంచెం దొరుకుతుంది. మిగతాది పెంచుకోవాలి.

దీనికి నా గుండెకు దగ్గరైన ఉదాహరణ కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచం సి.ఆర్.రావు అని పిలిచే మన మనిషి. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారు రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేపి, దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టేవారట. తన పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ ఆయనే ఆ సంగతి రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎంఏ చేశారు. యుద్ధ రోజులు. సైన్యంలో గణితజ్ఞుడి ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. అక్కడే తారసపడిన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ తీసుకుంటున్నానని చెబితే, అదేమిటో చూద్దామని వెళ్లారు. 1941లో అందులో చేరారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన స్టాటిస్టిక్స్ కలలు కంటూ కలకత్తా వెళ్లలేదు. ఆ రోజుల్లో ఆ శాస్త్రమే మన దేశానికి కొత్త. ఆయన చేతిలో ఉన్నది ఒక్క క్రియ: లెక్కతో చిక్కుముడి విప్పడం. ఆ క్రియకు కొత్త చోటు దొరికింది. నాలుగేళ్లకు, 1945లో, నేను 31 ఏళ్లు బోర్డు మీద రాసిన క్రేమర్-రావు సిద్ధాంతం ఆ కుర్రవాడి వ్యాసంలోంచి వచ్చింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ఆయనకు దొరికిన పని, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడిన మనుషుల ఎముకల కొలతలను విశ్లేషించడం. గణితం చదివినవాడికి ఎముకలతో పనేమిటని ఆయన అనుకోలేదు. ఆ పని చేస్తూనే స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ గారి దగ్గర డాక్టరేట్ పూర్తి చేశారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, ఆ ఏడాదే కన్నుమూశారు. రాని ఉద్యోగం కోసం ఆ కలకత్తా రైలు ఎక్కకపోతే ఏమయ్యేదోనని నేను చాలాసార్లు ఆలోచించాను. ఏదో ఒక చోట ఏదో ఒక చిక్కుముడి విప్పుతూనే ఉండేవారని నా నమ్మకం.

మీలో చాలామందికి మొదటి ఉద్యోగం మీరు ఎంచుకున్నది కాదు, మీకు దొరికింది అవుతుంది. చేరండి. ఇంటికి డబ్బు పంపండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఆరు నెలలు, వారానికి ఒక్కసారి, ఆ వారంలో ఏ గంట తెలియకుండా గడిచిందో, ఏ గంట ఎంతకీ కదల్లేదో రాసుకోండి. "మీటింగు బాగుంది" అని రాయకండి, అక్కడ మీరేం చేశారో రాయండి. నా బ్యాంకు అమ్మాయికి ఆ పుస్తకం ఇచ్చి ఉంటే ఏడాదిన్నర ఆగాల్సిన పని ఉండేది కాదు. మీరు పని చేయాలనుకునే చోట ఉన్నవాళ్లను కలిసినప్పుడు ప్యాకేజీ అడగండి, దాంతోపాటు మొన్న సోమవారం ఎలా గడిచిందో కూడా అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు, ఎందుకంటే వాళ్లను అది ఎవరూ అడగరు.

తల్లిదండ్రులారా, మీరు పడ్డ కష్టం నాకు తెలుసు. మా నాన్న కూడా నా ఫీజు కోసం గేదెను అమ్మారు. భద్రమైన ఉద్యోగం అని మీరు పట్టుబట్టేది ప్రేమతోనే. ఇంకాసేపట్లో పిల్లలు పట్టాలు తీసుకుంటారు, ఆ చెట్టు కింద అందరూ ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత ఇంటికి వెళ్లే దారిలో, బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి: "ఈ మూడేళ్లలో ఆకలి కూడా మర్చిపోయి నువ్వు చేసిన పని ఏదైనా ఉందా?" వెంటనే జవాబు రాకపోవచ్చు. ఇంతకుముందు ఎవరూ అడగలేదు కదా, ఆలోచించుకోనివ్వండి. మీ ఊరు వచ్చేదాకా టైముంది.