అంకెతో పాటు రేఖ

 

ఒక పదార్థం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది? ఈ ప్రశ్నకు ఒక అంకె చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అంకె ఎలా వచ్చిందో పక్కన రాయకపోతే అది సగం కొలతేనని నా నమ్మకం. మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ముడిపదార్థాలు తయారవుతున్నాయి. ద్రవీభవన స్థానం కొలిచే థీలే గొట్టం, పారఫిన్ నూనెతో ప్రాక్టికల్స్ చేసిన మన పిల్లలు అలాంటి పరిశ్రమల్లో చేరి డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్) యంత్రం ముందు కూర్చుంటారు.

ఆ యంత్రంలో రెండు చిన్న అల్యూమినియం పళ్లేలుంటాయి. ఒకదానిలో రెండు మూడు మిల్లీగ్రాముల పొడి వేసి, రెండోదాన్ని ఖాళీగా ఉంచి, నైట్రోజన్ పారుతుండగా రెండింటినీ ఒకే వేగంతో వేడిచేస్తారు. పొడి కరిగేటప్పుడు అదనంగా వేడిని పీల్చుకుంటుంది. ఆ తేడాయే తెరమీది రేఖలో లోయలా కనిపిస్తుంది. శుద్ధ పదార్థానికి ద్రవీభవన స్థానంగా తీసుకోవలసింది లోయ మొదలయ్యే చోటు. అడుగుభాగం వేడిచేసే వేగాన్ని, పొడి బరువును బట్టి జరిగిపోతుంది. లోయ వైశాల్యం కరగడానికి పట్టిన వేడిని చెబుతుంది. యంత్రాన్ని సరిచూసేందుకు ఇండియం లోహం వాడతారు. అది 156.6 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

వేడిచేస్తూ కొలిచే ఈ ఆలోచన పాతదే. సమతాస్థితి సూత్రంతో మనకు పరిచయమైన లె షాటెలియే 1887లోనే బంకమట్టిని వేడిచేస్తూ ఉష్ణోగ్రత పెరిగే తీరును నమోదు చేశాడు. నమూనా పక్కన మరో పదార్థాన్ని ఉంచి తేడా కొలిచే పద్ధతిని 1899లో రాబర్ట్స్-ఆస్టెన్ తెచ్చాడు. డీఎస్‌సీ 1960లలో వచ్చింది.

అంకె ఒక్కటే ఎందుకు చాలదో రిటోనవిర్ ఉదంతం చెబుతుంది. హెచ్ఐవీకి వాడే ఈ మందు గుళికల్లో 1998లో అంతకుముందు ఎరగని మరో స్ఫటిక రూపం తలెత్తింది. అది ద్రావకంలో సరిగా కరిగేది కాదు. గుళికలను మార్కెట్ నుంచి తీసేయవలసి వచ్చింది. రెండు రూపాల ద్రవీభవన స్థానాలూ దాదాపు ఒకటే, 122 డిగ్రీల ప్రాంతం. కరగడానికి పట్టే వేడిలో మాత్రం తేడా ఉంది. కేశనాళికలో పొడి కరగడాన్ని చూసే కంటికి ఆ తేడా అందదు, రేఖకు అందుతుంది. మనకు రోజూ తెలిసిన పారసెటమాల్‌కూ ఒకటికి మించి రూపాలున్నాయి: వాటిలో ఒకటి 170 డిగ్రీల దగ్గర, మరొకటి 157 దగ్గర కరుగుతాయి. ఆస్పిరిన్ ఇంకా చిక్కు పెడుతుంది. కరుగుతూనే విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, నెమ్మదిగా వేడిచేస్తే ఒక విలువ, గబగబా వేడిచేస్తే మరో విలువ వస్తాయి. వేగం రాయని ఆస్పిరిన్ కొలతను నేను కొలతగా ఒప్పుకోను.

ఈ చిక్కు మందులకే కాదు, లోహాలకూ ఉంది. బుడితి ఊరి ఇత్తడి, కంచు పనికి మన శ్రీకాకుళం జిల్లాలో ఎంత పేరుందో మీకు తెలుసు. రాగి 1085 డిగ్రీల దగ్గర, జింకు 419.5 దగ్గర కరుగుతాయి. ఇత్తడికి మాత్రం ఒకే అంకె ఉండదు, ఒక పరిధిలో మెత్తబడుతూ కరుగుతుంది. పైగా జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది కనుక, వేడి మితిమీరితే జింకు ఆవిరైపోయి మూసలో మిగిలిన లోహమే మారిపోతుంది. ఆస్పిరిన్‌లాగే ఇక్కడా పాఠం ఒకటే: వేడిచేయడం వల్ల నమూనా మారిపోవచ్చు.

ప్రతి కళాశాలా డీఎస్‌సీ కొనలేదు, నాకు తెలుసు. అందుకని అధ్యాపకులకు ఒక కోరిక. గాలి బాగా ఆడే చోట, వేడినీళ్లలో ఉంచిన పరీక్షనాళికలో నాఫ్తలీన్ కరిగించండి. బయటికి తీసి చల్లారనిస్తూ అర నిమిషానికొకసారి ఉష్ణోగ్రత రాయించండి. 80 డిగ్రీల దగ్గర రేఖ అడ్డంగా సాగుతుంది. తర్వాత చిటికెడు బెంజోయిక్ ఆమ్లం కలిపి మళ్లీ చేయించండి. ఆ సమతలం కిందికి దిగి, వాలుతుంది. ఉష్ణ విశ్లేషణ అంటే ఇదే, కాగితం మీద విద్యార్థి చేత్తో గీసినది. శ్రీకాకుళం, విజయనగరం కళాశాలలు ఈ రేఖలను, పొడి ఎక్కడిదో, ఎంత తీసుకున్నారో, ఏ థర్మామీటర్ వాడారో రాసి, వచ్చే సదస్సుకు పట్టుకురావాలి. తేడా వచ్చిన చోట రెండు కళాశాలల విద్యార్థులనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి కారణం వెతికిద్దాం.