చాదరు అందరికీ సరిపోతుంది, చొక్కా సరిపోదు

(షోలాపూర్ తూర్పు భాగంలో స్వయం ఉపాధిని కోరే యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పురుషుల దుస్తులను గురించి, చిన్న వస్త్ర వ్యాపార నిర్వహణను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ఆరు కుట్టుమిషన్లు పెట్టుకొని మగవారి చొక్కాలు తయారు చేయించి అమ్ముకొనేవాణ్ణి. నాకు తెలిసినదానిలో అధిక భాగం నష్టపోయి నేర్చుకొన్నదే. ఆ నష్టం మీకు కలుగకుండా ఉండాలన్నదే ఈ ప్రసంగానికి ప్రయోజనం.

మన పూర్వులు తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని ఈ నగరానికి వచ్చారు. చేతిమగ్గం పోయి సాంచా వచ్చింది. షోలాపూర్ చాదరు, తువాలు దేశమంతటా పేరు పొందాయి. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నారళీ పౌర్ణమినాడు మార్కండేయుని రథం వెంట నడిచే మనలో, ఇంట్లో ఏదో ఒక తరంలో నాడెను ముట్టనివారు అరుదు. కాబట్టి గుడ్డ మనకు తెలిసిన విద్య అని మనం అనుకొంటాము. నేనూ అట్లాగే అనుకొన్నాను.

అయితే చాదరుకూ చొక్కాకూ ఒక పెద్ద భేదమున్నది. చాదరు కప్పుకొనేవాడు పొడుగువాడా, పొట్టివాడా అని అడుగదు. తువాలుకు భుజం లేదు, మెడ లేదు. చొక్కా మాత్రం మనిషిని కొలుస్తుంది. గుడ్డ వ్యాపారంలో నష్టం గజాలలో కనబడుతుంది. చొక్కాల వ్యాపారంలో నష్టం కొలతలలో దాగి ఉంటుంది. నేసేవారి బిడ్డలమైన మనం కుట్టే వ్యాపారంలో అడుగుపెట్టేటప్పుడు మొట్టమొదట తెలుసుకోవలసినది ఇదే.

నా మొదటి అనుభవం చెబుతాను. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి చేయించుకొన్న గాజులను కుదువబెట్టి, ఆ సొమ్ముతో నూలు గుడ్డ తానులు కొన్నాను. 200 నిండు చేతుల చొక్కాలు కోయించి కుట్టించాను. కుట్టు బాగున్నది, రంగు బాగున్నది. పొరుగూరి దుకాణదారు ఒకరు 120 చొక్కాలు అరువు మీద తీసుకొన్నారు. మిగిలినవి పరిచయస్థులు కొన్నారు. మొదటి ఉతుకు తరువాత ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. మణికట్టు దగ్గర ఉండవలసిన చేతులు అంగుళంన్నర పైకి పోయాయి. దుకాణదారు అమ్ముడుపోనివన్నీ మూటగట్టి వాపసు పంపారు. గుడ్డ అమ్మిన వ్యాపారి, కోసిన తానును తాను తిరిగి తీసుకొనేది లేదన్నారు. ఆయన మాటలో తప్పు లేదు.

అప్పుడు మా దగ్గర కుట్టే ఒక పెద్దమ్మ నన్ను అడిగింది: “జాకెట్టు లైనింగు గుడ్డనైనా మేము రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టినాకనే కత్తెర పెడతాం గదా నాయనా, ఇన్ని చొక్కాల గుడ్డను నువ్వు తడిపి చూసినావా?” నా దగ్గర సమాధానం లేదు. అరమీటరు లైనింగు విషయంలో మన ఇళ్లలోని ప్రతి స్త్రీ పాటించే జాగ్రత్తను నేను 300 మీటర్లకు పైగా గుడ్డ విషయంలో పాటించలేదు.

ఆనాటి నుండి ఏ తాను వచ్చినా మా దగ్గర ఒకే పరీక్ష. తాను నుండి పెద్ద ముక్క కోసి, దాని మీద 50 సెంటీమీటర్ల చదరం చెరగని సిరాతో గీస్తాము. మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలుస్తాము. 50 కాస్తా 48 అయితే నూటికి 4 వంతులు కుంచించుకుపోయినట్లు. పడుగు వైపు, పేక వైపు వేరువేరుగా కొలవాలి. పడుగును బిగించి నేస్తాము కనుక సాధారణంగా ఆ వైపే ఎక్కువ తగ్గుతుంది. చొక్కా పొడవు, చేతి పొడవు కూడా ఆ వైపే పడతాయి. 24 అంగుళాల చేయి నూటికి 6 చొప్పున తగ్గితే పోయేది దాదాపు అంగుళంన్నర. నాకు జరిగినది అదే. తగ్గుదల తెలిసిన తరువాత రెండే దారులు: గుడ్డను ముందుగా తడిపి ఆరబెట్టడం, లేదా తగ్గేంత మేరకు కోతలో పెంచడం. ఈ పరీక్షకు ఖర్చు ఒక ముక్క గుడ్డ, రెండు మూడు రోజుల ఓపిక.

ఇక కొనేవారి వైపు నుండి చూద్దాము. మన యువకులు ఉద్యోగాల కోసం పుణెకు, హైదరాబాదుకు వెళుతున్నారు. ముఖాముఖి పరీక్షకు ఏమి తొడగాలని నన్ను అడుగుతుంటారు. ఖరీదైన పేరు కంటె కొలత ముఖ్యమని నేను చెబుతాను. భుజం కుట్టు సరిగ్గా భుజపు ఎముక చివర నిలవాలి. నడుమును తరువాత బిగించవచ్చు, చేతిని తగ్గించవచ్చు. భుజాన్ని సరిచేయడం మాత్రం దర్జీకి కూడా కష్టమే. అందుచేత చొక్కాను ముందు భుజం చూసి ఎన్నుకోండి. మెడ బొత్తాం పెట్టినప్పుడు కాలరులో రెండు వేళ్లు దూరాలి. చేయి మణికట్టు ఎముక దాకా రావాలి. బయటికి వదిలి తొడిగే చొక్కా ప్యాంటు జిప్పు నడిమి భాగం దాటి దిగితే మనిషి పొట్టిగా కనబడతాడు.

నడివయసులో పొట్ట వచ్చినవారు రెండు విధాలుగా పొరబడతారు. కొందరు పాత కొలతనే పట్టుకొని బొత్తాల మధ్య గుడ్డ నోరు తెరిచే చొక్కా తొడుగుతారు. మరికొందరు పొట్టను దాచడానికి రెండు సైజులు పెద్దది కొంటారు. అప్పుడు భుజాలు జారిపోతాయి. ఛాతీకి సరిపోయే సైజులో, నడుము బిగించని నేరు కోత చొక్కా తీసుకోవడమే దీనికి మందు. రంగుల విషయానికి వస్తే తెలుపు, లేత నీలం, ముదురు నీలం, సన్నని నిలువు చారలు, పండుగ కోసం ఒక మంగళగిరి చేనేత: ఈ ఐదూ ఉంటే ఏ సభకైనా సరిపోతాయి. మన ఎండలకు నూలు గుడ్డకు మించినది లేదు.

దుకాణంలో చొక్కాను తిరగేసి చూడండి. అంగుళానికి 12కు తక్కువ కాకుండా కుట్లు ఉన్నాయా? చారల చొక్కా అయితే జేబు మీది చారలు వెనుక చారలతో కలిశాయా? కాలరులోని బక్రం నాసిరకమైనదైతే ఉతికిన తరువాత బుడగలు లేస్తుంది. కాలరును చేతితో మడిచి వదిలితే అది ముడత లేకుండా తిరిగి నిలవాలి. కొనేవాడు చూడవలసిన ఈ గుర్తులే తయారుచేసేవాడు పాటించవలసిన నియమాలు. మంచి చొక్కాను ఎన్నుకోలేనివాడు మంచి చొక్కాను తయారుచేయించలేడు.

ఇప్పుడు డబ్బు సంగతి. కొత్తగా మొదలుపెట్టేవారు అనేక రంగులు చూపాలని ఆశపడతారు. ఎనిమిది రంగులు, నాలుగు సైజులు అంటే 32 రకాలు. ఒక్కొక్కటి రెండు చొప్పున కుట్టినా 64 చొక్కాలు. అయినా కొనేవాడు నీలం రంగులో 40 సైజు అడిగిన మూడవసారి మీ దగ్గర అది ఉండదు. రెండే రంగులు తీసుకొని 60 చొక్కాలు కుట్టండి. 38, 40, 42, 44 సైజులలో ఒకటికి రెండు, రెండు, ఒకటి చొప్పున, అంటే 10, 20, 20, 10గా పంచండి. ఏది పోయిందో, ఏది మిగిలిందో నోటుపుస్తకంలో వ్రాయండి. మీ తరువాతి కోతకు ఆ పుస్తకమే గురువు.

ఒక ఉదాహరణ లెక్క చూడండి. ఒక చొక్కాకు గుడ్డ 256 రూపాయలు, కుట్టుకూలి 120, బొత్తాలు, బక్రం, దారం 34, ఇస్త్రీ, పెట్టె 30. మొత్తం 440 అనుకొందాము. 100 చొక్కాలకు పెట్టుబడి 44,000. ఒక్కొక్కటి 700 చొప్పున 75 అమ్మాము; వచ్చినది 52,500. చొక్కాకు 260 లాభం కదా, 75 చొక్కాలకు 19,500 వచ్చిందని మనం సంతోషిస్తాము. చేతిలో మిగిలినది 8,500 మాత్రమే. తక్కిన 11,000 అమ్ముడుపోని 25 చొక్కాల రూపంలో అలమారాలో ఉన్నది. గది అద్దె, కరెంటు, మన సొంత జీతం ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. ఇల్లు గడవవలసింది ఆ 8,500తోనే అని గుర్తుంచుకొన్నవాడు రెండవ కోత జాగ్రత్తగా వేస్తాడు.

అరువు మరొక పరీక్ష. పెద్ద దుకాణం సరుకు అడిగితే మనం మురిసిపోయి మాట మీద ఇచ్చివేస్తాము. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ప్రభుత్వ వెబ్‌సైటులో స్వయంగా చేసుకోవచ్చు, దళారికి డబ్బు చెల్లించవలసిన పని లేదు. తయారీదారుగా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి చట్టం ఒక రక్షణ ఇచ్చింది. సరుకు అందుకొన్నవారు ఒప్పంద పత్రంలో వ్రాసుకొన్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులకు మించరాదు. వ్రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు. గడువు దాటితే వడ్డీ కూడా చెల్లించాలి. అలా చెల్లించనివారికి ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయం నుండి తగ్గించి చూపే వీలు లేకుండా ఆదాయపు పన్ను చట్టంలో చేసిన మార్పు 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. కాబట్టి కాగితం అడగడానికి సిగ్గుపడకండి. మంచి వ్యాపారి కాగితం అడిగితే కోపగించుకోడు.

మరి రెండు చిన్న మాటలు. మీ చొక్కాకు పెట్టదలచిన పేరు మరెవరైనా నమోదు చేసుకొన్నారేమో ముందుగా ట్రేడ్‌మార్కు జాబితాలో వెదకండి. దుస్తులకు 25వ తరగతి. లేబుళ్లు అచ్చువేయించిన తరువాత పేరు మార్చుకొనేవారిని చూశాను. రెండవది, 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల వరకు వెల గల దుస్తుల మీద జీఎస్టీ నూటికి 5, అంతకు మించితే 18. వెల నిర్ణయించేటప్పుడు ఈ గీతను గుర్తుంచుకోండి.

చివరగా కూలి విషయం. నా మొదటి సరుకు వాపసు వచ్చిన వారంలో నా దగ్గర ఉన్న సొమ్ము కుట్టుకూలికి సరిపోతుంది. కాని అది ఇచ్చివేస్తే అమ్మ గాజుల మీది వడ్డీ కట్టలేను. అమ్మను అడిగాను. “బీడీ కార్ఖానాలో వారం కూలి ఆగితే ఇంట్లో ఎట్లుంటదో నాకు తెలుసు. ముందు వాళ్లకియ్యి” అన్నది. శనివారం సాయంత్రం కూలి చెల్లించాను. సోమవారం వారే వచ్చి, ఆ చొక్కాల చేతులు కత్తిరించి పొట్టిచేతులుగా మార్చారు. పొడవు తగ్గిన 40 సైజు వాటికి 38 అని కొత్త లేబులు కుట్టారు. “ఉతికిన తరువాత మార్చి కుట్టినవి” అని చెప్పి, వెల తగ్గించి అమ్మాము. పెట్టుబడి అంతా రాలేదు. కాని కొన్నవారిలో కొందరు మళ్లీ వచ్చారు, ఉన్నమాట చెప్పామని. గాజులు రెండేళ్ల తరువాత విడిపించాను. ఆ కుట్టుపని వారిలో నలుగురు నేటికీ మాతోనే ఉన్నారు.

ఈ నగరంలో మన పిల్లలకు మరాఠీ వచ్చు, కన్నడం వచ్చు, తెలుగు వచ్చు. మూడు భాషల కొనుగోలుదారులతో మాట్లాడగల నేర్పు మనకున్నది. నేత తెలిసిన పెద్దలు ఇంట్లో ఉన్నారు. పక్క వీధిలో కుట్టు తెలిసిన అక్కచెల్లెళ్లు ఉన్నారు. వారిని అడిగి మొదలుపెట్టండి. గుడ్డను తడిపి చూసి కోయండి, కూలి నిలుపవద్దు, మిగిలిన సరుకును లాభంగా లెక్కించవద్దు.

సమావేశం ముగిసిన తరువాత బయటి బల్ల మీద మా చదరం గుడ్డ ముక్కలను ఉంచుతాను. ఉతకకముందువీ, ఉతికిన తరువాతివీ పక్కపక్కనే ఉన్నాయి. కొలబద్ద కూడా ఉంటుంది. ఎవరికి వారు కొలిచి చూసుకోవలసిందిగా కోరుతున్నాను.